ప్రార్థన కొండ నుంచి దోర్నకల్ దాకా: కొత్త సంవత్సరంలో మొదటి వారం

డిసెంబర్ 31, ఒంగోలు

కొత్త సంవత్సరం మొదటి వారమంతా ఇలా ప్రయాణంలో గడుపుదామన్నది మా నాన్న ఆలోచన. ఊరికే చూసి రావడానికి కాదు. తెలుగు నేల మీద సువార్త కోసం ఎవరు ఎక్కడ మోకరించారో, ఎక్కడ ఏళ్ల తరబడి ఎదురుచూశారో, ఆ చోట్లకే వెళ్లి అక్కడ మన సంవత్సరాన్ని దేవుడి చేతిలో పెడదామన్నాడు. నాన్న హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్లాల్సిన చోటంటూ లేక పేపరు పట్టుకుని వరండాలో కూర్చుండిపోతున్నాడు. చూస్తుంటే నాకు మనసులో ఏదోలా ఉండేది. అమ్మనూ రమ్మంటే, "మీ ఇద్దరూ వెళ్లి రండి, పిల్లల్ని నేను చూసుకుంటాను" అంది. మా ఆయన కూడా సరేనన్నాడు. బయల్దేరాం.

మొదటి మజిలీ ఒంగోలు. జనవరి ఒకటో తేదీకీ ఈ ఊరికీ ఉన్న సంబంధం అలాంటిది, అది రేపటి కథ.

రాత్రి వాచ్ నైట్ సర్వీసుకు వెళ్లాం. ఊరు కొత్తదైనా గుడిలో అడుగు పెట్టగానే ఆ కొత్తదనం పోయింది, తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన "వందనాలండి, లోపలికి రండి, ముందు ఖాళీ ఉంది" అని నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పాటలు, సాక్ష్యాలు, మళ్లీ పాటలు. ఆపరేషన్ నుంచి బతికి బయటపడిన ఒకావిడ లేచి నిలబడింది గానీ రెండు మాటలు మాట్లాడేసరికే ఏడుపొచ్చి కూర్చుండిపోయింది, సంఘమంతా "స్తోత్రం" అంటూ మిగతా సాక్ష్యాన్ని తామే పూర్తి చేసినట్టు చేశారు. నాకు వాచ్ నైట్‌లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఏడాది పొడుగునా ఎవరి కష్టం వాళ్లు మోసినా ఆ ఒక్క రాత్రి అందరి కష్టాలూ ఒకే పైకప్పు కిందకి వస్తాయి.

ఈ ఆరాధన ఇప్పటిది కాదు. 1733లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ విశ్వాసులు ఏడాది చివరి రాత్రి ఇలా మేలుకుని ప్రార్థించడం మొదలుపెట్టారని చెబుతారు. వాళ్లను చూసి జాన్ వెస్లీ దీన్ని తాను మొదలుపెట్టిన మెథడిస్టు సంఘాల్లోకి తెచ్చారు. అప్పట్లో ఇంగ్లండ్‌లోని కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులు శనివారం రాత్రుళ్లు సారా దుకాణాల్లో గడిపేవాళ్లట, మారుమనస్సు పొందాక అదే రాత్రిని ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. రాత్రి అదే, మనుషులూ వాళ్లే, ఏం చెయ్యాలన్నదే మారింది.

పన్నెండు కొట్టే ముందు లైట్లు తగ్గించి అందరినీ మోకరించమన్నారు. పాస్టరుగారు తొంభయ్యో కీర్తన చదివారు: "మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము." తర్వాత వాగ్దాన కార్డులు, ఆ ఏడాదికని ఒక్కొక్కరికీ ఒక బైబిలు వచనం రాసి ఇచ్చేవి. నాకు యెహోషువ మొదటి అధ్యాయంలోది వచ్చింది, నిబ్బరం కలిగి ధైర్యంగా ఉండమని. చిన్నప్పటి నుంచీ ఈ కార్డు కోసం ఎంత ఆత్రంగా చెయ్యి చాపేదాన్నో! ఇప్పటికీ ఇష్టమే. కానీ ఈ మధ్య ఒక ఆలోచన వదలడం లేదు. కార్డు తీసుకున్న ప్రతిసారీ ఈ ఏడాది నాకేం వస్తుందనే చూసుకుంటాను, నా చేత దేవుడు ఎవరికి ఏం ఇవ్వాలనుకుంటున్నాడో అడగను. ఈ ప్రయాణం ఆ రెండో ప్రశ్న కోసమే అనుకున్నాను.

జనవరి 1, ప్రార్థన కొండ

నాలుగింటికే నాన్న లేపాడు. "తెల్లారకముందే ఎక్కాలమ్మా, వాళ్లు ఎక్కినట్టు."

వాళ్లు అంటే 1854 జనవరి 1న ఈ కొండ ఎక్కిన ఐదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్ గారు, ఆయన భార్య, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. నెల్లూరు నుంచి ఊరూరా సువార్త చెప్పుకుంటూ ఒంగోలు దాకా వచ్చారు. వెనక ఉన్న పరిస్థితి చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. శామ్యూల్ డే గారు 1836లో తెలుగు వారి మధ్యకు వచ్చి, 1840 నుంచి నెల్లూరులో పనిచేసినా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఇంత డబ్బు, ఇన్ని ప్రాణాలు పెట్టి ఈ పని నడపడం దేనికని 1853లో అమెరికాలో ఆల్బనీలో జరిగిన వాళ్ల మిషను సభలోనే మూసేద్దామన్న మాట వచ్చింది. వాళ్ల మ్యాపులో తెలుగు మిషను ఒక్కటే ఒంటరిగా చుక్కలా కనబడేది. దాంతో దానికి "ఒంటరి నక్షత్రం" అనే పేరే పడిపోయింది. ఆ సభలో మూయలేదు, కొనసాగించారు. అలాంటి ఏడాది గడిచిన మర్నాడు పొద్దున్న వీళ్లు కొండెక్కారు.

మేం వెళ్లేసరికే జనం ఉన్నారు. చంకన పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ముసలివాళ్లకు దారి చూపిస్తున్న కుర్రాళ్లు. రాత్రి నిద్రలేక అందరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, అయినా పాట ఆగడం లేదు. నాన్న మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా ఎక్కాడు, చెయ్యి ఇస్తానంటే "వద్దులే, ఇవాళ ఎక్కగలను" అన్నాడు. కొండంటే మరీ ఎత్తేం కాదు, కానీ పైకి వెళ్లాక ఊరంతా కళ్ల ముందుంటుంది. తూర్పున ఎరుపు మొదలైంది. కింద రోడ్ల మీద లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ఆ రోజు అక్కడ ఏం జరిగిందో నాన్న పుస్తకం చూడకుండా చెప్పాడు, పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో. ఆ గొంతు విని చాలా రోజులైంది. ముందు ఒక పాట పాడారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. యెషయా యాభై రెండో అధ్యాయం చదివారు, సువార్త ప్రకటించేవాని పాదాలు పర్వతాల మీద ఎంత సుందరమో చెప్పే భాగం. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ప్రార్థన అయ్యాక జువెట్ గారు లేచి నిలబడి, నాగజెముడు కమ్మేసిన ఒక మెరక నేల వైపు చెయ్యి చూపించి, ఆ చోట మన మిషను బంగళా ఉంటే బాగుంటుంది కదా, ఈ ప్రాంతమంతా క్రీస్తుదైతే బాగుంటుంది కదా అని జూలియాను అడిగి, ఆ రోజు తప్పకుండా వస్తుందని చెప్పారు.

నేను అక్కడ నిలబడి ఆ జూలియా గురించే ఆలోచించాను. మిషనరీల పేర్లు పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ పొద్దున్న చలిలో కొండ మీద మోకరించిన తెలుగు ఆడవాళ్లు ఇద్దరికీ ఊళ్లో ఎవరూ తోడు లేరు, వెనక సంఘమంటూ పెద్దగా లేదు. వాళ్లు తమ కోసం అడిగి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ వాళ్లు అడిగింది, తమను వద్దనుకున్న ఊరి కోసం.

ఆ జవాబు వెంటనే రాలేదు. ఈ మాట ప్రతి న్యూ ఇయర్ ప్రసంగంలోనూ చెప్పాలనిపిస్తుంది నాకు. 1862లో మళ్లీ మిషను మూసేద్దామన్న చర్చ వచ్చింది. అప్పటికి అనారోగ్యంతో అమెరికాలో ఉన్న జువెట్ గారు, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్లి తెలుగు వాళ్ల మధ్యే బతుకుతాను, అవసరమైతే అక్కడే చనిపోతాను అన్నారు. అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఎవరినో ఒకరిని పంపాలి కదా అని మిషను కార్యదర్శి జవాబిచ్చారట. ఆయనతో పాటు బయల్దేరిన యువకుడే జాన్ ఎవరెట్ క్లౌ. సర్వే పని నేర్చిన మనిషి. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మకాం మార్చారు. కొండ మీద ప్రార్థనకూ దానికి జవాబుగా మనిషి ఈ ఊళ్లో కాపురం పెట్టడానికీ మధ్య 12 ఏళ్లు. నాగజెముడు ఉన్న ఆ మెరక మీదే మిషను బంగళా లేచింది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది, అదీ కొత్త సంవత్సరం రోజే.

సూర్యుడు పైకి వచ్చాక అందరూ ఫోటోలు దిగుతున్నారు. నాన్న సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీశాడు. "ఈ ఏడు మన కోసం అడిగేవి చివర్లో పెడదాం. ముందు ఎవరి కోసమో అడుగుదాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

నాకు మొదట గుర్తొచ్చింది మా సంఘంలో మంచాన పడిన ఒక పెద్దావిడ. ఒకప్పుడు మాకు సండే స్కూల్లో వచనాలు కంఠస్థం చేయించింది. గుడికి రాలేక చాలా కాలమైంది, ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపే చూస్తుంటుందని వాళ్ల కోడలు చెప్పింది. ఆమె పేరు చెప్పాను. తర్వాత మా పై వాటాలో ఉంటూ ఉద్యోగం పోయి గదిలోంచి బయటికి రాని అబ్బాయి పేరు. అలా పేజీ నిండింది. ఒక్కో పేరూ రాసి, అక్కడే ఆగి, ఆ పేరు మీద ఒక మాట ప్రార్థించి, తర్వాత ఇంకో పేరు. కిందికి దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది.

జనవరి 2, గుండ్లకమ్మ

ఆటో మాట్లాడుకుని వెల్లంపల్లి వైపు వెళ్లాం. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున. నల్లమల అడవుల్లో పుట్టి సముద్రంలో కలిసే ఏరు ఇది, మల్లవరం దగ్గర ఇప్పుడు రిజర్వాయరు కట్టారు. ఏటి ఒడ్డున తుమ్మచెట్లు, తడి ఇసుక మీద కొంగల అడుగులు, అవతల గట్టున గేదెల్ని కడుగుతున్న ఒక అబ్బాయి. చూడ్డానికి ఏ బోర్డూ లేకపోతే ఎవరూ ఆగని చోటు.

1878 జూలై 3న ఈ రేవులో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపి, మళ్లీ మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఇద్దరు నీళ్లలో దిగితే వాళ్లు అలసిపోయాక మరో ఇద్దరు. క్లౌ గారు ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లందరూ తెలుగువాళ్లే. ఈ ఒక్క సంగతి నాకు అంకె కంటే ఎక్కువ నచ్చింది.

అంత మంది ఎక్కడి నుంచి వచ్చారంటే దాని వెనక యర్రగుంట్ల పేరయ్య గారి కథ ఉంది. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు, అంతకుముందు యోగ గురువుల దగ్గర దేవుణ్ణి వెతికిన మనిషి. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తన వాళ్లున్న పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. వాళ్లు ఒక్కొక్కరూ వస్తున్నారు. అప్పుడు ఒంగోలులో పై కులాల పెద్దలు క్లౌ గారి దగ్గరకొచ్చి, వీళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్ని మీ బడికి పంపం అన్నారు. ఆయనకు నిజంగానే టెన్షన్. ఏం చెయ్యాలో తోచక తన గదిలో బైబిలు తెరిస్తే 1 కొరింథీ మొదటి అధ్యాయం వచ్చింది, లోకం దృష్టిలో జ్ఞానుల్ని, ఘనుల్ని, గొప్ప వంశంవాళ్లను ఎక్కువ మందిని పిలవలేదని, ఎన్నికలేనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. బంగళాలో ఆయన భార్య కూడా అదే సమయంలో వేరుగా బైబిలు తెరిచి అదే భాగం చదువుతోందట. ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. ఒంగోలు కోసం కొండ మీద చేసిన ప్రార్థనకు జవాబు, ఊరు లెక్కలోకి తీసుకోని మనుషుల రూపంలో వచ్చింది.

1876 నుంచి 1878 దాకా కరువు. ధాత కరువు అని మా నాయనమ్మ కూడా అనేది, ఆమె చూడకపోయినా ఆ మాట ఇళ్లలో ఉండిపోయింది. క్లౌ గారు తనకొచ్చిన సర్వే పనిని వాడి, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. కూలీలకు పని, పనికి డబ్బు. ప్రసంగీకులే మేస్త్రీలు. పగలు మట్టి పని, విరామంలో సువార్త. జనం బాప్తిస్మం అడుగుతున్నా ఆయన పదిహేను నెలల పాటు ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదు, పడేలా వాళ్లను నిలబెట్టకూడదు. సహాయం పనులు ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి మా దగ్గరేం లేదని చెప్పి పంపేస్తే, వాళ్లు వెళ్లలేదు. చేతులకు కాసిన బొబ్బలు చూపించి, మాకు డబ్బు వద్దు, మేం కష్టపడే పని చేశాం, ఇక ముందూ చేస్తాం, మళ్లీ పంట పోతే చచ్చిపోతాం, కానీ క్రైస్తవులుగా చచ్చిపోతాం అన్నారు.

నాన్న ఏటి అంచున చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడ్డాడు. ఆ బొబ్బల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాను. మతం మారడమంటే ఏదో ఆశ చూపిస్తే వచ్చేస్తారని ఇప్పటికీ ఎంత తేలిగ్గా అనేస్తారో! వాళ్ల మనవళ్ల మనవళ్లం మేం. చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పని చెయ్యం, విగ్రహాల ముందు డప్పు కొట్టం అన్నందుకు ఊరి బావుల దగ్గర, పొలాల దగ్గర వాళ్లు ఏమేం పడ్డారో పెద్దవాళ్లు చెబితే విన్నాం. అంత ఖరీదు పెట్టి కొన్న విశ్వాసాన్ని నేను ఏడాదికొక కార్డుతో సరిపెట్టుకోకూడదు. అక్కడ నిలబడి నిజంగా అలాగే అనిపించింది, కోపం కూడా వచ్చింది, తర్వాత ఆ కోపం ప్రార్థన అయింది.

జనవరి 3, గుంటూరు

ఒంగోలు నుంచి గుంటూరు బస్సులో. ఇక్కడ ఒక్క పూటే. ఈ ప్రాంతంలో లూథరన్ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు, అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఆ వయసులో కొత్త దేశం, కొత్త భాష. నాన్నను ఇక్కడికి తేవాలని నేనే పట్టుబట్టాను. అందుకు కారణం ఆ తర్వాత జరిగింది. రెండు విడతలు పనిచేసి ఆయన అమెరికా తిరిగి వెళ్లిపోయారు. 1869లో, సాయం చేసేవాళ్లు లేక రాజమండ్రి ప్రాంతపు పనిని వేరే మిషనుకు అప్పగించబోతున్నారని తెలిసి, 76 ఏళ్ల ఆ ముసలాయన పెట్టె సర్దుకుని సభకు వెళ్లి, వద్దు, నేను వెళతాను, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాను అన్నారు. అన్నట్టే వచ్చారు, రాజమండ్రిలో పని నిలబెట్టి, వేరేవాళ్లు అందుకునే దాకా ఉన్నారు.

ఈ కథ చెబుతుంటే నాన్న నా వైపు చూడకుండా విన్నాడు. కాసేపయ్యాక 92వ కీర్తనలో మాట అన్నాడు, "వారు ముసలితనమందు ఇంక చిగురు పెట్టుచుందురు." ఇంకేం మాట్లాడలేదు. నేనూ పొడిగించలేదు.

కుగ్లర్ ఆసుపత్రి ముందు కూడా ఆగాం. అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చినప్పుడు ఆమె చదివింది డాక్టరు చదువే అయినా, మిషను వాళ్లు వైద్యానికని కాదు, ఆడవాళ్ల మధ్య బోధించే పనికే పంపారు. ఆమె చదువు చెబుతూనే రోగుల్ని చూడ్డం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. ఇచ్చిన పని చేస్తూ, పిలిచిన పని వదలకపోవడం అంటే ఇదే అనిపించింది. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ, ఇంక సేవకు టైమెక్కడిది అనుకునే నాలాంటి వాళ్లు ఆమె గురించి తెలుసుకోవాలి.

జనవరి 4, రైల్లో

విజయవాడ దగ్గర కృష్ణ దాటేటప్పుడు బోగీలో చాలామంది లేచి కిటికీల దగ్గరకొచ్చారు. ఖమ్మం దాటాక ఎదుటి సీట్లో కూర్చున్న నర్సింగ్ చదివే అమ్మాయి నాన్న నోటుబుక్కు చూసి, "ఏంటి తాతయ్యా, అప్పుల లెక్కా?" అని అడిగింది. నాన్న విషయం చెప్పాడు. ఆ అమ్మాయి విశ్వాసి కాదు, అయినా కాసేపు ఆలోచించి, "మా అన్నయ్య పేరు రాస్తారా? తాగుతున్నాడు" అంది. నాన్న రాశాడు. ఆమె దిగేలోపు ఆ పేరు కోసం కళ్లు మూసుకుని మెల్లగా ప్రార్థించాడు కూడా. సాయంత్రానికి దోర్నకల్ జంక్షన్‌లో దిగాం.

జనవరి 5, దోర్నకల్

కొండలూ ఏరూ చూసి వచ్చిన కళ్లకు ఇక్కడ ఎపిఫనీ కెథడ్రల్ చూస్తే వేరే లోకం. చర్చి అంటే సూది గోపురం, రంగు అద్దాలు అనుకుంటాం కదా, ఇక్కడ గుమ్మటాలు, మినార్ల లాంటి బురుజులు, గుడి మండపంలో ఉన్నట్టు వరసగా రాతి స్తంభాలు. బిషప్ అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు. ఈ దేశంలో క్రీస్తు పరాయివాడు కాదని రాతిలో చెప్పాలనుకున్నారు. కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది, పల్లె విశ్వాసుల కానుకలతో నెమ్మదిగా లేచింది. 1939 జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడ్డానికి రావడాన్ని తలుచుకునే ఎపిఫనీ పండుగ రోజునే ప్రతిష్ఠ చేశారు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంవారు, 1874లో పుట్టారు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘంలో మంచి పేరున్న పని. 1903లో తిరునెల్వేలి విశ్వాసులతో కలిసి భారతీయులే భారతీయుల మధ్యకు వెళ్లే మిషను సంఘాన్ని స్థాపించారు. ఇతరులను వెళ్లమని చెబుతూ నేను వెళ్లకపోవడమేమిటని 1909లో ఆయనే, భాష కాని భాష నేర్చుకుని, ఈ దోర్నకల్‌కు వచ్చేశారు. అప్పుడిది నిజాం రాజ్యంలో ఒక మూల. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు బీదలకు ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్ల దొరల సభలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ మాట మనకు కూడా వర్తిస్తుంది. గుడిలో సాయం చేసేవాళ్లం చాలామందిమి ఉంటాం, ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లం తక్కువ.

ఆయన గురించి నాకు బాగా గుర్తుండిపోయేది ఒకటుంది. బాప్తిస్మం తీసుకున్న పల్లె విశ్వాసుల్ని, తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని తన వెంట పలకమనేవారు. అక్షరం ముక్క రాని కూలీ మనిషికి, ముసలమ్మకు, అందరికీ అదే. బిషప్పు చెయ్యి కాదు, ఎవరి చెయ్యి వాళ్ల తల మీద. సేవ అనేది పాస్టరుగారి పని అని తప్పించుకునే దారి అక్కడే మూసేశారు.

మధ్యాహ్నం స్తంభాల నీడలో కూర్చున్నప్పుడు నాన్న చాలాసేపు పనితనం చూస్తూ ఉండిపోయాడు. ఒక స్తంభం మీద చెక్కిన పూల రేకు అంచును వేలితో తడుముతూ, "ఈ రాయి చెక్కినవాడు పూర్తయ్యే దాకా ఉన్నాడో లేదో" అన్నాడు. అజరయ్య గారు మాత్రం కెథడ్రల్ పూర్తి కావడం చూశారు. ఆరేళ్ల తర్వాత, 1945 జనవరి 1న ఇక్కడే దోర్నకల్‌లో ప్రభువు పిలుపు అందుకున్నారు. పల్లెల్లో సంఘాలు చూసుకుంటూ, ఓపిక ఉన్నంత కాలం తిరుగుతూనే ఉన్నారు.

జనవరి 6, ఎపిఫనీ

ఆరాధనలో మత్తయి రెండో అధ్యాయం చదివారు, తూర్పు దేశపు జ్ఞానులు. నక్షత్రాన్ని చూసి అత్యానందభరితులయ్యారని ఉంది, ఇల్లు చేరి సాగిలపడి పెట్టెలు విప్పారని ఉంది. ప్రసంగం చేసిన పాస్టరుగారు పెట్టెల దగ్గరే ఆగారు. అంత దూరం మూత వేసి మోసుకొచ్చారు, పిల్లవాణ్ణి చూశాక విప్పారు, మనం చాలాసార్లు ప్రభువు ముందుకొచ్చి కూడా పెట్టె మూసే ఉంచుతాం అన్నారు. సూటిగా తగిలింది. నిబంధన ప్రార్థన కూడా చేయించారు, నేను ఇక నా సొత్తు కాదు, నీ సొత్తు అని మొదలయ్యేది. మెథడిస్టుల్లో వెస్లీ గారు 1755లో మొదలుపెట్టిన ఆరాధన అది, ఈ కెథడ్రల్ ఉన్న దక్షిణ ఇండియా సంఘంలోనూ కొత్త సంవత్సరంలో చాలాచోట్ల చేస్తారు. పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే అనే చోట నాన్న గొంతు ఆగింది. ఏడాదిన్నరగా ఆయన బతుకుతున్నది ఆ రెండో మాటే. తర్వాత అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

స్టేషన్లో రైలు లేటు. నేను బెంచీ మీద కూర్చుని మంచాన ఉన్న ఆ పెద్దావిడ కోడలికి ఫోన్ చేశాను, ఇక నుంచి ప్రతి బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మీ ఇంటికే వస్తాను, ఆమెకు వాక్యం చదివి వినిపిస్తాను, అంతసేపు మీరు కాస్త బయటికి వెళ్లి రావచ్చు అని చెప్పాను. "నిజంగా వస్తారాండీ?" అని రెండుసార్లు అడిగింది. ఇంకో ఇద్దరు కూడా అలాగే ఇంట్లో ఉండిపోయారని ఆమే చెప్పింది, వాళ్ల పేర్లూ నోటుబుక్కులో చేరాయి.

ఈలోపు నాన్న ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి మా పాస్టరుగారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గుడి వెనక గది ఖాళీగానే ఉంటుంది కదా, సాయంత్రాలు కాలనీ పిల్లలకు ఉచితంగా లెక్కలు, ఇంగ్లీషు చెబుతాను, ఏ పిల్లలైనా సరే, మన సంఘం వాళ్లే కానక్కర్లేదు అంటున్నాడు. అవతల ఆయన వచ్చే నెల నుంచి పెట్టుకుందామా అన్నట్టున్నాడు. "వచ్చే నెల దాకా ఎందుకండీ," అన్నాడు నాన్న, "పదో తరగతి వాళ్లకు పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఎల్లుండి సాయంత్రం ఐదింటికి తాళం తీసి ఉంచండి, బోర్డు నేనే తెస్తాను."